నీళ్ళు తాగిన గడ్డం

గడ్డం మీద కత్తి నడిచేటప్పుడు ఒక చప్పుడు వస్తుంది. ఎండు తాటాకు గీకినట్టు కరకరమంటే వెంట్రుక ఇంకా నానలేదన్నమాట. కొత్త పట్టుచీర మడత విప్పినట్టు సన్నగా సర్రుమంటే చెయ్యి ఆపొద్దు, అలాగే పోనివ్వు. 1983లో తెనాలిలో మా మేనమామ కుర్చీ పక్కన నిలబడ్డాను. ఆరు నెలలు నాకు కత్తి ఇవ్వలేదు. "ముందు విను, తరవాత గీద్దువుగాని" అన్నాడు.

ఆ ఆరు నెలలూ నా పని నురగ పట్టడమే. తేలిక పని అనుకోకు. మా కొట్లో రెండు బకెట్లుండేవి, ఒకదాంట్లో బోరు నీళ్ళు, ఇంకోదాంట్లో కాలవ నుంచి వచ్చే కుళాయి నీళ్ళు. కడగడానికి బోరు నీళ్ళు, నురగకు కుళాయి నీళ్ళు. సున్నం ఉన్న నీళ్ళలో సబ్బు విరిగి మడ్డి అవుతుంది, ఎంత తిప్పినా నురగ నిలవదు. బ్రష్‌ను వేడినీళ్ళలో నానబెట్టి ఒక్కసారి విదిలించి, గిన్నెలో సబ్బు బిళ్ళ మీద గుండ్రంగా తిప్పాలి. బుడగలు పెద్దవైతే నీళ్ళెక్కువ. ముద్దగా బ్రష్‌ను పట్టుకుంటే తక్కువ. గేదెపాల మీగడలా నున్నగా మెరవాలి, వేలితో గీస్తే ఆ గీత నిలవాలి. బుడగల నురగ చూడ్డానికి ఘనంగా ఉంటుంది. కుడి చెంప అయ్యేసరికి ఎడమ చెంప మీద ఎండిపోతుంది.

తరవాత మట్టికుండకు నురగ పూసి గీయించాడు. కుండ మీద నెల, ఊదిన బుడగ మీద మరో నెల. బుడగ పగలకుండా మొత్తం గీసిన రోజు మామయ్య తన గడ్డం నా చేతికిచ్చాడు. ఆ రోజు నాకిప్పటికీ పండగే.

ఇక నా పెద్ద తప్పు. 1988లో గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన ఒకాయన తన ట్యూబు తనే తెచ్చుకుని కుర్చీలో కూర్చున్నాడు. బ్రష్‌లెస్ క్రీమ్. అప్పటిదాకా నేనది చూడలేదు. మామూలు క్రీమ్ అనుకుని బ్రష్ మీద వేసి తిప్పాను. నురగ రాలేదు. ఇంకొంచెం వేశాను. తెల్లగా, జిడ్డుగా పరుచుకుందే తప్ప పొంగలేదు. సరే, మొహమంతా మందంగా పట్టించి కత్తి ఆన్చాను. నాలుగు గీతలకే కత్తి నిండా ముద్ద పేరుకుంది. చప్పుడు లేదు, నాకు చెవి పని చెయ్యడం మానేసినట్టయింది. దవడ ఎముక మలుపు దగ్గర చర్మం లాగబోతే ఎడమ చేతి వేళ్ళు జారాయి. చెవి తమ్మె కింద అంగుళం మేర తెగింది.

మామయ్య వచ్చి పటిక అద్ది, ఆయనకు క్షమాపణ చెప్పి, మిగతా గడ్డం తనే చేశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. రాత్రి కొట్టు కట్టేశాక ఆ క్రీమ్ చుక్క నా అరచేతిలో వేసి రుద్దమన్నాడు. కాసేపటికి సగం చర్మంలో ఇంకిపోయింది. "ఇది నురగ సబ్బు కాదురా, మొహానికి రాసే స్నో లాంటిది. నీళ్ళు ఇది తేదు. నీళ్ళు నువ్వు ముందే పట్టించాలి."

ఆ మాట లోతు నాకు తెలియడానికి ఏళ్ళు పట్టింది. మామూలు షేవింగ్ సబ్బులోనూ బ్రష్‌లెస్‌లోనూ ముఖ్యమైన సరుకు స్టియరిక్ ఆమ్లమే. మొదటిదాంట్లో దాన్ని పొటాష్‌తో కలిపి సబ్బు చేస్తారు, అది నురుగుతుంది. రెండోదాంట్లో ఎక్కువ భాగాన్ని అలాగే ఉంచి, నూనెలతో, నీళ్ళతో కలిపి ముద్ద చేస్తారు. ఇది కొత్త సరుకేం కాదు. అంతకు ముందు ఎం.ఐ.టి.లో పాఠాలు చెప్పిన ఫ్రాంక్ షీల్డ్స్ అనే ఆయన 1919లో అమెరికాలో బార్బసాల్ అనే బ్రష్‌లెస్ క్రీమ్ తెచ్చాడు. 1925 నుంచి బర్మా షేవ్ వాళ్ళు రోడ్ల పక్కన వరసగా పలకలు పాతి, పలకకో పాదం చొప్పున పాటలు రాయించి అదే రకం క్రీమ్ అమ్ముకున్నారు. ఆ దేశంలో ఇంట్లో సేఫ్టీ రేజర్‌తో గీసుకునేవాళ్ళకు అది బాగా కలిసొచ్చింది. మనది బారు కత్తి, లెక్క వేరు.

వెంట్రుక గట్టిది, కానీ నీళ్ళు పీలుస్తుంది. వేడినీళ్ళలో రెండు మూడు నిమిషాలు నానితే మెత్తబడుతుంది. నురగ చేసే పనల్లా ఆ నీటిని గడ్డం మీద నిలబెట్టడం. బ్రష్ తిరుగుతూ పడుకున్న వెంట్రుకను లేపుతుంది, మొదట్లోకి తడి పంపుతుంది. బ్రష్‌లెస్‌కు ఆ బ్రష్ లేదు. కాబట్టి వేడి తువ్వాలు మొహం మీద మూడు నిమిషాలు, తీసి మళ్ళీ మూడు నిమిషాలు. తుడవొద్దు. తడి మొహం మీదే వేళ్ళతో పల్చగా, వెంట్రుక వాలుకు ఎదురు రాయి. కింద చర్మం కనపడాలి. మందంగా పూస్తే కత్తికి చుట్టుకుంటుంది, అంతే. రెండు గీతలకోసారి కత్తిని వేడినీళ్ళలో ముంచు. ఎడమ చేతి వేళ్ళ కొసలకు పటిక రుద్దుకో, చర్మం జారకుండా పట్టు దొరుకుతుంది. ఇది మామయ్య చెప్పింది కాదు, చెవి కింద తెగిన ఆ గాటు చెప్పింది. కత్తి వీపుకూ చర్మానికీ మధ్య రెండు వీపుల మందం ఎడం ఉంచు, 30 డిగ్రీల వాలు వస్తుంది. సాన పట్టే పాత కత్తి వాడితే, ఆ జిడ్డు పూర్తిగా తుడవకుండా తోలుపట్టా మీదికి తీసుకెళ్ళొద్దు. జిడ్డు తాగిన తోలు తరవాత ఏ కత్తికీ పదును నిలపదు. నాదొకటి అలాగే పోయింది.

ఇంత చాకిరీ దేనికంటావా? ఒక పెళ్ళికొడుకు సంగతి చెప్తాను. మంగళస్నానానికి ముందు గోళ్ళు తీసి, గడ్డం చెయ్యడానికి పిలిపించారు. కుర్రాడి చెంపల నిండా మొటిమలు. బ్రష్ తిప్పితే చితికిపోతాయి, నురగ పూస్తే ఎక్కడున్నాయో కనపడవు. బ్రష్‌లెస్ తీశాను. పల్చటి పొర కింద ఒక్కో మొటిమా కనపడుతోంది, దాని చుట్టూ కత్తి తిప్పుకుంటూ వచ్చాను. మెడ కింద వెంట్రుక సుడి తిరిగి ఉంటే ముందే వేలితో తడిమి వాలు చూసుకున్నాను. నలభై నిమిషాలు పట్టింది. రక్తపు చుక్క లేదు. వాళ్ళమ్మగారు వచ్చి కొడుకు చెంప నిమిరి చూసుకున్నారు. బట్టలూ డబ్బులూ సరే, ఆవిడ నిమరడమే నాకు పెద్ద సంభావన.

మొటిమల మొహానికి, పొడి చర్మానికి, మీసం అంచు, సైడ్‌లాక్ గీత ఖచ్చితంగా దింపాల్సినప్పుడు బ్రష్‌లెస్. ముళ్ళలాంటి నాలుగు రోజుల గడ్డానికి మాత్రం నురగే. అందులో నాకు అనుమానం లేదు. ఎయిడ్స్ భయం వచ్చాక మేమంతా సగం బ్లేడు పెట్టే కత్తికి మారాం, మంచిదే అయింది. సాన రాయి మూలన పడింది. కానీ బ్లేడు మారినంత మాత్రాన వెంట్రుక మారలేదు. తిరుమల కల్యాణకట్టకు వెళ్ళి చూడు. సబ్బూ లేదు, క్రీమూ లేదు. నీళ్ళతో తల బాగా తడిపి, సగం బ్లేడుతో గుండు గీసేస్తారు. తడపడంలోనే ఉంది ఆ పనితనమంతా.

రేపు ఆదివారం రద్దీ. ఎనిమిదింటికల్లా నీళ్ళు కాగాలి, కుళాయి బకెట్ విడిగా పెట్టు. పెన్షన్ మాస్టారు వస్తారు, ఆయనది పొడి చర్మం, ట్యూబు తీసుకో. తువ్వాలు నువ్వే వెయ్యి. ఎడమ చెంప నీది. నేను కళ్ళు మూసుకుని పక్కన కూర్చుంటాను.