చేపలతొట్టి రంధ్రము

మా విజ్ఞానశాస్త్రపు గదిలోని చేపలతొట్టి క్రింద ఈ సంవత్సరము మరియొక తొట్టి నమర్చితిమి. పైతొట్టి వెనుక యద్దములోని రంధ్రముగుండ మిగులునీరు క్రిందికి దిగి, శుభ్రపడి, పంపువలన మరల మీదికి వచ్చును. ఆ రంధ్రమెంత యుండవలెనను విషయమై తొమ్మిదవ తరగతివారికిని మాకును మూడుదినములు వాదము జరిగెను. అద్దమున కొకసారి చేసిన రంధ్రమును మార్చుట కష్టముగదా!

"అయ్యా, పంపునకు అంగుళపు గొట్టమే గదా, దిగుటకును అదియే చాలు" నని వారి వాదము. విన నింపుగానే యున్నది. కాని పంపు నీటిని బలముతో త్రోయును; దిగునీటికి తనపై నిలిచిన నీటి బరువే గాని వేరు బలము లేదు. ఇటలీ దేశీయుడగు టోరిచెల్లి 1644లో ప్రకటించిన సూత్రము ననుసరించి, నీటి యెత్తు నాలుగురెట్లయినను వేగము రెండురెట్లే యగును.

నల్లబల్లపై లెక్క వేయించితిమి. లోకొలత 25 మి.మీ. గల రంధ్రము, దాని నడిమినుండి 5 సెం.మీ. యెత్తు నీరు. అంచులయొద్ద ధార సన్నగిల్లుటను గూడ లెక్కించిన, దిగునది గంటకు రమారమి 1,050 లీటర్లు. మా పంపు ఎక్కించునది 1,800. బకెటుతో కొలిచియే చెప్పుచున్నాము. అంతనీరు దిగవలెనన్న మట్టము దాదాపు 15 సెం.మీ. లేవవలెను. తొట్టి యంచు రంధ్రమునకు 8 సెం.మీ. మీదనే యున్నది! అప్పుడొక బాలుడు, "ఈ గది క్రింద గ్రంథాలయ మున్నదండీ" యనెను.

40 మి.మీ. రంధ్రమైనచో అది మునిగినంత నీరు చాలును. గొట్టము నిండి లాగినచో ఇంకను ఎక్కువ దిగును గాని, గాలి కలిసి గడగడలాడు గొట్టమును మేము నమ్మలేదు. "రెండు అంగుళపు రంధ్రములు ఒక రెండంగుళముల రంధ్రముతో సమము కావా?" యని యొకరడిగిరి. కావు, సగమే, వైశాల్యము వ్యాసముయొక్క వర్గమును బట్టి యుండును.

బజారులో 25 మి.మీ. యని యమ్ము ప్లాస్టిక్ గొట్టమునకు ఆ కొలత వెలుపలిది. లోపల అంతకు తక్కువ. ట్యాంకు నిపుల్ మరకు పట్టు రంధ్రము గొట్టముకంటెను పెద్దది. కావున ముందు నిపుల్ కొని, కొలిచి, పిమ్మటనే అద్దమును తొలిపించితిమి. కాల్చి గట్టిపరచిన అద్దమైనచో తొలువరాదు, ముక్కలగును.

మొదటిదానికి కొంచెము మీదుగా రెండవ రంధ్రము గూడ పెట్టించితిమి. ఒక్క నత్త యడ్డుపడిన చాలును, మొదటిది మూసికొనిపోవుటకు. దండుగ యని కొందరు తండ్రులు నవ్విరి. కరెంటు పోయినపుడు రంధ్రము మట్టమువరకు నీరంతయు క్రిందికి దిగును గనుక, క్రిందితొట్టిని సగమే నింపుచున్నాము.

ఇంతవరకు రెండవ గొట్టము తడిసియుండలేదు. తొమ్మిదవ తరగతివారు ప్రతి యుదయమును దానిలో వ్రేలుపెట్టి చూచుచున్నారు.