అటక కాని అటక

ఆవకాయ జాడీలు, ఇత్తడి గంగాళాలు, పెళ్లిళ్లకు తప్ప దించని బిందెలు – ఇవి మన అటకల నివాసులు. 'లాఫ్ట్' అనే ఆంగ్లపదానికి నిఘంటువు చూపే అర్థమూ అటకయే. అయితే అమెరికాలోని లోవెల్ పట్టణంలో మా అమ్మాయీ అల్లుడూ కొన్న లాఫ్టు వేరు. అది ఒక పాత నూలుమిల్లు అంతస్తులో ఒక ఖండం. దాని మరమ్మతు ముచ్చట మిత్రులతో చెప్పుకోవాలనిపించింది.

లోవెల్ 1820లలో మెరిమాక్ నది జలశక్తిని ఆధారం చేసుకొని వెలసిన మిల్లుల పట్టణం. ఇరవయ్యో శతాబ్దంలో ఆ మిల్లులు మూతపడ్డాయి. 1978లో అక్కడ జాతీయ చారిత్రక ఉద్యానం ఏర్పడింది. క్రమంగా అనేక మిల్లు భవనాలు నివాసగృహాలైనాయి. మావాళ్ల ఇంటికి పన్నెండడుగులకు మించిన ఎత్తు, భారీ కొయ్య దూలాలు, పూత లేని ఇటుక గోడలు, నిలువెత్తు కిటికీలు ఉన్నాయి. అడ్డుగోడ మాత్రం ఒక్కటీ లేదు. వంట, చదువు, పడక సమస్తమూ ఒకే చావడిలో!

మునుపటి యజమాని ఎవరో ఇటుకల సందులలో సిమెంటు దట్టించాడు. పనివాడు దానిని ఓపికగా తొలగించి సున్నం నింపాడు. పాత ఇటుక మెత్తనిది. సిమెంటు దానికన్న గట్టిది, చెమ్మను బయటికి పోనీయదు. చివరకు ఇటుకే పొరలుపొరలుగా రాలిపోతుంది. మన పెద్దల గానుగసున్నం గుర్తుకు వచ్చింది. దూలాల మీది పాత రంగును గీకే ముందు సీసం ఉన్నదేమో పరీక్ష చేయించారు. ఆ దేశంలో ఇళ్ల రంగులలో సీసాన్ని నిషేధించినది 1978లో మరి.

అసలు చిక్కు నా గది దగ్గర వచ్చింది. మా ఇంటావిడ పోయిన తరువాత, ఏటా ఆరు నెలలు తమ దగ్గర ఉండమని అమ్మాయి కోరుతున్నది. నాకు రాత్రిళ్లు దగ్గు. తెల్లవారుజామునే లేచి గొంతెత్తి పద్యం చదువుకోవడం అలవాటు. "నాన్నగారూ, దూలం దాకా గోడ కట్టించి మీకొక గది చేయిస్తాం" అన్నది. కట్టిస్తే ఇంటి వెలుగులో సగం నా గదిలోనే చిక్కుకుపోతుంది.

ఆ కిటికీలు అందానికి పెట్టినవి కావు. విద్యుద్దీపాలు లేని రోజులలో నూలుపోగు కనబడడానికి పెట్టినవి. పోగు ఎండి తెగకుండా వాటిని మూసే ఉంచేవారు. పల్లెల నుండి వచ్చిన ఆడపిల్లలు గంట మోగినది మొదలు రోజుకు పన్నెండు గంటలకు పైగా, దూదిధూళి పీల్చుతూ పనిచేశారు. కూలి తగ్గిస్తే 1834లోనూ, వసతి ఖర్చు పెంచితే 1836లోనూ పని మాని వీధిలోకి వచ్చారు. అక్కడికి చేరిన దూది దక్షిణాది బానిసలు ఏరినది. అక్కడ నేసిన ముతకగుడ్డ తిరిగి ఆ బానిసల ఒంటికే చేరింది. బూట్ మిల్లు ప్రదర్శనశాలలో మరమగ్గాలు ఆడుతుంటే చెవులలో బిరడాలు పెట్టుకొని నిలబడ్డాను. గృహాలంకరణ పత్రికలు 'ఇండస్ట్రియల్ అందం' అని మెచ్చుకొనేది ఈ చాకిరీ గుర్తులనే.

అట్టి వెలుగును నా ఒక్కడి కోసం గోడ పెట్టి ఆపడానికి మనసొప్పలేదు. అలాగని, చాటు లేనిది సత్రమవుతుంది గాని ఇల్లు కాదు. మన మండువా లోగిలిలో నడుమ ఆకాశం ఉన్నా, చుట్టూ తలుపులున్న గదులుండేవి కదా! చివరకు ఏడడుగుల దాకా చెక్క, ఆపైన దూలం దాకా గాజు అని తీర్మానించుకున్నాము. వెలుగు దాటుతుంది, నా దగ్గు అంతగా దాటదు.

ఒకప్పుడు మరల ఇరుసులు వేలాడిన ఇనుప బిగింపులు దూలాలకు ఇంకా ఉన్నాయి. పీకివేద్దామన్నాడు అల్లుడు, ఉండనిమ్మన్నాను. ఇంజనీరు చూసి సరేనన్న తరువాత ఒక దూలానికి ఉయ్యాలబల్ల వేయించారు. అన్నేళ్లు మరల అదురును మోసిన దూలానికి మా మనవరాలి బరువు ఒక లెక్కా!

ఆరు నెలల మాటకు నేనూ సరేనన్నాను.