ఆరు వోల్టుల వెలుతురులో శ్రీశైలం

శ్రీశైలం ఘాట్‌లో చీకటిపడ్డాక బండి నడిపారా ఎప్పుడైనా? కారు కాదు, బస్సు కాదు... యాభై ఏళ్ల నాటి బుల్లెట్! పైగా వెనక సీట్లో డెబ్బై ఆరేళ్ల నాన్న.

ఒక డిసెంబరులో నాకా అనుభవం అయింది. ఆ బండి నాన్న 1974లో కొన్నది. అప్పుడాయన శ్రీశైలం ప్రాజెక్టులో జూనియర్ ఇంజినీరు. సున్నిపెంట కాలనీలో క్వార్టరు. కర్నూలు వెళ్లాలన్నా, సెలవులకు ఊరెళ్లాలన్నా దోర్నాల, ఆత్మకూరు మీదుగా నల్లమల అడవిలోంచి ఈ బండి మీదే. ఇంగ్లండులోని రెడ్డిచ్‌లో పుట్టిన బుల్లెట్‌ను మన మద్రాసులో తయారుచేయడం 1950ల్లో మొదలైంది. దీనికి గేరు కుడికాలి వైపు, బ్రేకు ఎడమకాలి వైపు. కొత్తవాళ్లు ఎక్కితే బ్రేకనుకుని గేరు తొక్కుతారు. అందుకే దీన్ని దొంగలు కూడా ఎత్తుకెళ్లరని మా ఇంట్లో జోకు.

'మోకాళ్లు మాట వింటున్నప్పుడే ఒక్కసారి దాని మీద డ్యాం చూసొద్దాంరా' అని నాన్న రెండేళ్లుగా అంటున్నారు. సరేనని తెల్లవారుజామునే హైదరాబాద్‌లో బయల్దేరాం. కడ్తాల్, ఆమనగల్ దాటి, డిండి దగ్గర టీ తాగి మన్ననూర్ చేరేసరికి ఎండ ఎక్కింది. అక్కడినుంచి అడవే. రోడ్డుకు అటూ ఇటూ ఎండుటాకులు, కోతులు, మధ్యమధ్యలో 'నెమ్మదిగా వెళ్లండి, వన్యప్రాణులున్నాయి' అనే బోర్డులు. బుల్లెట్ చప్పుడు చెట్లకు తగిలి తిరిగొస్తుంటే నాన్న నోరు మెదపలేదు. ఈగలపెంట దాటి ఘాట్ దిగుతూ కృష్ణ కనిపించగానే మాత్రం నా భుజం తట్టి 'ఆపు' అన్నారు. డ్యాం వైపు చూస్తూ పావుగంట అలాగే నిలబడ్డారు.

చిక్కంతా తిరుగు ప్రయాణంలో వచ్చింది. దర్శనం క్యూలో ఆలస్యమైంది. పులులుండే అడవి కాబట్టి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను వదలరు. ఆలోపు దోమలపెంట గేటు దాటాలి. హెడ్‌లైట్ వేశాను. వెలిగింది... కోడిగుడ్డు సొనలా పచ్చగా! ఇంజిన్ వేగంగా తిరుగుతున్నంతసేపూ ఫర్వాలేదు. మలుపు దగ్గర వేగం తగ్గించానో లేదో వెలుతురు కుంగిపోయేది. హెడ్‌లైట్ పైన ఉండే అమ్మీటరు ముల్లు ఎడమకు వాలిపోయేది. అంటే బండి తయారుచేసుకునే కరెంటు చాలక బ్యాటరీలోంచి తోడుకుంటోందన్న మాట. మలుపులోనే వెలుతురు కావాలి, మలుపులోనే అది పోతోంది. ఒకచోట పిట్టగోడ చక్రానికి అడుగు దూరంలో కనిపించింది. నాన్న చెయ్యి నా భుజాన్ని గట్టిగా పట్టుకోవడం ఇప్పటికీ గుర్తే. చివరికి వెనకనుంచి వచ్చిన ఆర్టీసీ బస్సును ముందుకు పోనిచ్చి, దాని ఎర్రలైట్లు పట్టుకుని గేటు దాటాం.

ఇంటికొచ్చాక చెప్పేశాను. 12 వోల్టులకు మార్చకపోతే ఇక ఈ బండి తియ్యనని.

నాన్న ఒప్పుకోలేదు. పాత బుల్లెట్లు, జావాలు అన్నీ 6 వోల్టులవే. 'మార్చేస్తే అది నా బండి ఎలా అవుతుందిరా?' అన్నారు. విచిత్రమేమిటంటే, ఎందుకు మార్చాలో నాకంటే ఆయనకే బాగా తెలుసు. శ్రీశైలంలో తయారైన కరెంటును 2 లక్షల 20 వేల వోల్టులకు పెంచి తీగల్లోకి వదలడం చూసిన మనిషి. వోల్టేజీ పెంచితే ఆంపియర్లు తగ్గుతాయి, ఆంపియర్లు తగ్గితే దారిలో నష్టం తగ్గుతుంది. బండిలోనూ అదే లెక్క. 30 వాట్ల బల్బు 6 వోల్టులతో వెలగాలంటే 5 ఆంపియర్లు పారాలి. 12 వోల్టులైతే రెండున్నర చాలు. పాత తీగల్లో, అరిగిన స్విచ్చులో మొదటిదానికి ఒక వోల్టు తరుగు పోయిందనుకోండి, ఆరో వంతు పోయినట్టే. అదే దారిలో రెండోదానికి పోయేది అర వోల్టు, అంటే ఇరవై నాలుగో వంతు. ఫిలమెంటు బల్బుకు ఇంకో గుణం ఉంది. వోల్టేజీ ఆరో వంతు తగ్గితే వెలుతురు దాదాపు సగానికి పడిపోతుంది. ఘాట్‌లో మా పచ్చసొనకు కారణం ఇదే.

'ఉస్తాద్ ఏమంటాడో చూద్దాం' అని రాజీకొచ్చి, ఇద్దరం సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లాం. ఆ సందుల్లో నడవడమే ఒక అనుభవం. అటూ ఇటూ స్పేర్‌పార్టుల దుకాణాలు, తీగకు గుచ్చి వేలాడదీసిన గ్యాస్కెట్లు, ట్రాలీ ఆటోల మీద కదిలే సైలెన్సర్లు, గ్రీజు వాసన, ఇరానీ చాయ్ వాసన కలిసిపోయి... మా ఉస్తాద్ షెడ్డు ఓ మలుపు లోపల.

పార్టులన్నీ అంటగడతాడేమో అనుకున్నాను. ఆయన 'ముందుగాల ఎర్త్ చూద్దాం సార్' అన్నాడు. మీటరు పెడితే బ్యాటరీ దగ్గర 6 వోల్టులు, బల్బు దగ్గర 4.8. ఫ్రేముకు ఎర్త్ బిగించేచోట తుప్పు, రంగు గీకేసి, కనెక్షన్లు శుభ్రం చేసి మళ్లీ చూస్తే 5.5. బల్బు మొహం తెల్లబడింది. 'చూశావా, తప్పు 6 వోల్టులది కాదు' అన్నారు నాన్న నావైపు గెలుపుగా. నిజమే. కొత్తలో ఈ బండి అడవుల్లో తిరగలేదా? ఎర్త్ సరిచూడకుండా వోల్టేజీ పెంచితే రోగాన్ని కప్పిపెట్టినట్టే.

'గానీ పెద్దసార్, 6 వోల్టుల బ్యాటరీ అడిగితే దుకాణపోళ్లు నవ్వుతుండ్రు. మంచి బల్బు దొరకాలంటే వారం తిరగాలె. రాత్రిపూట అడివిల బల్బు పోతే?' అన్నాడు ఉస్తాద్. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మూడు షరతులు పెట్టారు. బాడీకి ఒక్క రంధ్రం కూడా పడకూడదు. అమ్మీటరు మార్చకూడదు. తీసిన ప్రతి పార్టూ తనకివ్వాలి.

రెండ్రోజుల పని. ఎడమవైపు కేసు విప్పి ఆయిల్ దించి, పాత కొలతకు సరిపోయే 12 వోల్టుల స్టేటర్ బిగించాడు. లోపల తిరిగే అయస్కాంతం ఎక్కడా రాసుకోకుండా చుట్టూ సన్నని రేకు దూర్చి చూశాడు. అక్కడ తొందరపడితే స్టేటర్ చేతికొస్తుందట. తర్వాత రెగ్యులేటరు, ఇగ్నిషన్ కాయిల్, హారన్, బల్బులు. పాయింట్లు, కండెన్సరు పాతవే పనికొచ్చాయి. బ్యాటరీ కూడా పాత పెట్టెలోనే ఇమిడింది. కిక్కు కొట్టే బండికి పెద్ద బ్యాటరీ అక్కర్లేదు మరి. 12 వోల్టులది 7 ఆంపియర్-అవర్లు ఉంటే చాలు, 6 వోల్టులది 14 ఉన్నదానితో సమానం. ఇలాంటి పని చేయించేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. పాత బ్రిటిష్ బండ్లలో కొన్నిటికి బ్యాటరీ పాజిటివ్ కొసను ఫ్రేముకు కలుపుతారు. అది చూసుకోకుండా తగిలిస్తే కొత్త రెగ్యులేటరు క్షణంలో కాలిపోతుంది.

అంతా అయ్యాక స్విచ్ వేస్తే 'టిక్' మని చిన్న శబ్దం. హెడ్‌లైట్‌కు చెరోవైపూ పులికళ్లలా ఉండే రెండు చిన్న లైట్లలో ఒకదాని బల్బు మార్చడం మరిచిపోయారు. పాపం, 6 వోల్టుల ప్రాణం! కుర్రాడు నాలిక కరుచుకున్నాడు. నాన్న దాన్ని విప్పి, రుమాలుతో తుడిచి జేబులో వేసుకున్నారు. ఇప్పుడది పాత కాయిల్, హారన్‌తోపాటు అటక మీద ట్రంకుపెట్టెలో ఉంది. కావాలంటే ఒక్క ఆదివారంలో బండిని మళ్లీ 1974కు తీసుకెళ్లిపోవచ్చు. మొత్తం ఖర్చు ఏడున్నర వేలు.

ఫిబ్రవరిలో మళ్లీ వెళ్లాం. ఈసారి రాత్రికి అక్కడే ఉండేలా. ఘాట్ దిగుతుండగా కావాలనే చీకటి పడనిచ్చాను. మలుపుల్లో వేగం తగ్గినా వెలుతురు తగ్గలేదు. పిట్టగోడ మీది నలుపు తెలుపు చారలు ముందే కనిపించాయి. సున్నిపెంట కాలనీ మొదట్లో నాన్న 'నాకివ్వు' అన్నారు. ఇచ్చాను. రెండో గేరులో, ఎవరినీ దారి అడక్కుండా, సందులు తిరిగి ఒక పాత క్వార్టరు ముందు ఆపారు. తాళం వేసి ఉంది. వాకిట్లో వేపచెట్టు.

'మీ అమ్మ నాటింది' అన్నారు. ఇంజిన్ నెమ్మదిగా కొట్టుకుంటోంది. హెడ్‌లైట్ చెట్టు మొదలు నుంచి కొమ్మల దాకా పడుతోంది. నాన్న అమ్మీటరు వైపు ఒకసారి చూశారు. ముల్లు నడిమధ్యలో ఉంది. ఇంకాసేపు లైటు ఆర్పలేదు.