పుస్తకం అందరికీ ఒకే రోజున అందాలి

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం గచ్చిబౌలి నుంచి లింగంపల్లి వెళ్లే దారిలో ఉంది. 1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర ఉద్యమం తర్వాత కుదిరిన ఆరు సూత్రాల పథకంలో భాగంగా 1974లో ఏర్పడింది. మాకు అన్యాయం జరుగుతోందని జనం గొంతెత్తినప్పుడు, ఆ తగవు తీర్చే క్రమంలో పుట్టిన చదువుల చోటు ఇది. సమానత్వం ఎంతవరకు వచ్చిందో చూడాలనుకున్నప్పుడు నాకు ముందుగా తోచింది ఈ క్యాంపసే.

సీట్ల లెక్క అందరికీ తెలిసిందే. ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5, ఓబీసీలకు 27, ఆర్థికంగా వెనుకబడినవారికి 10. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కనీసం 5 శాతం సీట్లు దివ్యాంగులకు కేటాయించాలంది. సీటు వచ్చాక ఏమవుతుందన్నదే నేను తెలుసుకోవాలనుకున్నది.

ఇందిరాగాంధీ స్మారక గ్రంథాలయంలో చూపులేని విద్యార్థులు చదువుకునే చోట ఎం.ఏ. తెలుగు చదివే అమ్మాయి ఒకామె కూర్చుని ఉంది. కంప్యూటర్ నడుస్తోంది, మానిటర్ మాత్రం ఆపేసి ఉంది. ఆమెకు దానితో పనిలేదు. తెరమీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆమెకు ఆధారం. హెడ్‌ఫోన్ నా చేతికిచ్చింది. ఆ గొంతు ఎంత వేగంగా చదువుతోందంటే నాకు ఒక్క ముక్కా అందలేదు.

"మీకోసం తగ్గిస్తానుండండి సార్. మేం ఇదే స్పీడులో వింటాం" అంది.

తర్వాత ఒక తెలుగు విమర్శ గ్రంథం పీడీఎఫ్ తెరిచింది. ఈసారి వినిపించింది అసలు తెలుగు కానే కాదు. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, గుర్తులు ఒకదాని వెంట ఒకటి దొర్లుకుంటూ వచ్చాయి. మన పుస్తకాలు చాలావరకు యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లలో కంపోజ్ అయ్యాయి. కంటికి తెలుగులా కనిపించే ఆ పేజీ యంత్రానికి అర్థంలేని గుర్తుల కుప్ప. చూపున్న విద్యార్థి ఆ పుస్తకాన్ని అదే సాయంత్రం మొదలుపెడతాడు. ఈమె మాత్రం ఎవరో ఒకరు పేజీలు స్కాన్ చేసి, ఓసీఆర్‌తో అక్షరాలుగా మార్చి, తప్పులు దిద్ది ఇచ్చేదాకా ఆగాలి.

ఆ దిద్దే పని చేస్తున్న కుర్రాణ్ని ఆమె 'అన్నా' అని పిలుస్తోంది. అసలు పుస్తకం పక్కన పెట్టుకుని వరస వరసా సరిచూస్తున్నాడు. ధ కింద వత్తు ఎగిరిపోయి ద అయింది. ఒకచోట రెండు పాదాలు కలిసిపోయి పద్యం వచనమైంది. "కథల పుస్తకమైతే త్వరగా అవుతుంది సార్. ఛందస్సు, వ్యాకరణం వస్తే నత్తనడకే" అన్నాడు.

పరీక్షల సంగతి అడిగాను. గంటకు 20 నిమిషాల అదనపు సమయం ఉంటుంది. ఆమె చెబితే రాయడానికి ఒక సహాయకుడు ఉంటాడు. "రాసేవాళ్లకు తెలుగు బాగా రావాలి కదా సార్. నేను సరిగ్గా చెప్పినా వాళ్లు తప్పు రాస్తే, పోయేది నా మార్కే."

కులం సంగతి తెలుసుకుందామని సాయంత్రం క్యాంపస్ దుకాణాల సముదాయమైన షాప్‌కామ్ దగ్గర ఆగాను. హాస్టళ్ల నుంచి సస్పెండైన ఐదుగురు పరిశోధక విద్యార్థులు 2016 జనవరిలో 'వెలివాడ' పేరుతో ఆరుబయట గడిపింది ఇక్కడే. వాళ్లలో ఒకరైన రోహిత్ వేముల ఆ నెల 17న ప్రాణం తీసుకున్నాడు. ప్రతి విద్యాసంస్థలో సమాన అవకాశాల విభాగం, వివక్ష నిరోధక అధికారి ఉండాలన్న యూజీసీ నిబంధనలు 2012లోనే వచ్చాయి. వాటిని సరిగా అమలు చేయించాలంటూ రోహిత్ తల్లి రాధిక, ముంబైలో అలాగే బిడ్డను పోగొట్టుకున్న అబేదా తడ్వీ కలిసి 2019లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. రాసిపెట్టిన నిబంధనను కదిలించడానికి ఇద్దరు తల్లులు కోర్టు గడప తొక్కవలసి వచ్చింది.

అక్కడ టీ తాగుతున్న పరిశోధక విద్యార్థి ఒకరు తాను ఇంజినీరింగ్ చదివిన కాలేజీ రోజులు చెప్పారు. "మొదటి వారంలోనే ర్యాంకు ఎంత అని అడిగేవాళ్లు. ర్యాంకు చెబితే కులం తెలిసిపోతుందని వాళ్లకు తెలుసు, మాకూ తెలుసు. ఆ తర్వాత ల్యాబ్‌లో జట్టు కట్టడానికి ఎవరూ ముందుకొచ్చేవాళ్లు కాదు."

ఆ అమ్మాయికి పుస్తకం ఆలస్యంగా అందుతోంది, ఇతనికి స్నేహం అందలేదు. సీటు ఇద్దరికీ దొరికింది. కానీ తోటివాళ్లు అడగకుండానే పొందిన దానికోసం ఇద్దరూ ఎదురుచూడవలసి వచ్చింది. చదువులో పోయిన కాలాన్ని ఏ రిజర్వేషనూ తిరిగివ్వదు.

కులం అడ్డు తొలగడానికి అధ్యాపకులు, విద్యార్థులు, అధికారులు అందరూ మారాలి. పుస్తకం అడ్డు తొలగించడం మాత్రం రచయితలూ ప్రచురణకర్తలూ తలచుకుంటే రేపే మొదలుపెట్టగల పని. దివ్యాంగుల కోసం పుస్తకాన్ని వారు చదవగలిగే రూపంలోకి మార్చుకోవడానికి 2012లో సవరించిన కాపీరైట్ చట్టం అనుమతిస్తోంది. తెలుగులో కొత్త పుస్తకం అచ్చు వేసే ప్రతివారూ ఒక యూనికోడ్ ప్రతిని విశ్వవిద్యాలయ గ్రంథాలయాలకు ఇవ్వండి. ఇందుకు పెద్ద ఖర్చేమీ కాదు. అప్పుడు వచ్చే ఏడాది ఎం.ఏ.లో చేరే చూపులేని విద్యార్థిని తన క్లాసుతో పాటే చదువు మొదలుపెట్టగలుగుతుంది.