ఫలక్‌నుమా దాకా

ఏలూరు దాటిన తరువాత రైలుకట్ట ప్రక్కనే మా గ్రామం. రాత్రి పడకలు వేసుకున్నాక గేటు దాటే బండి చప్పుడును బట్టి అది ఏ బండియో మా పిల్లలు చెప్పగలరు. మా చిన్నవానికి అన్నిటిలోకి ఇష్టమైనది హౌరాకు, సికింద్రాబాదుకు మధ్య నడిచే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్. "నాన్నా, ఫలక్‌నుమా అంటే ఊరా, మనిషా?" అని ఒకనాడు అడిగాడు. హైదరాబాదు పాతబస్తీలో కొండమీద కట్టిన రాజభవనం పేరు అని చెప్పాము. ఫలక్ అంటే ఆకాశం, ఆకాశానికి అద్దం వంటిదని ఆ పేరుకు అర్థం చెబుతారని కూడా చెప్పాము. అంతే, అక్కడికి తీసుకువెళ్ళమని పట్టుబట్టాడు.

గత వేసవిలో సికింద్రాబాదులో బంధువుల ఇంట పెండ్లికి వెళ్ళవలసి వచ్చి, ఆ బండిలోనే ఏలూరులో ఎక్కాము. తెల్లవారి సికింద్రాబాదులో అందరూ దిగుతుంటే వాడు మాత్రం కిటికీ దగ్గరనుండి కదలలేదు. "ఇది ఫలక్‌నుమా కాదుగా?" అన్నాడు. నిజమే. బండికి ఆ పేరున్నది గాని బండి ఆ ఊరు వెళ్ళదు. ఐదేండ్ల పిల్లవానికి ఇది పెద్ద మోసముగా తోచింది. పెండ్లి మరునాడు తప్పక తీసుకువెళతామని మాట ఇచ్చాము.

పెండ్లివారి ఇంట ఈ సంగతి చెప్పగానే తలా ఒక జాగ్రత్త చెప్పారు. మాకూ లోపల బెరుకు లేకపోలేదు. 1990 డిసెంబరులో పాతబస్తీలో అల్లర్లు జరిగి కర్ఫ్యూ పెట్టినప్పుడు మేము బడికి వెళ్ళే పిల్లలము. రేడియో వార్తలలో విన్న ఆ పేరు చెవిలో అలాగే నిలిచిపోయింది. బయలుదేరే ముందు పిల్లలిద్దరినీ నిలబెట్టి, "అక్కడ ఎవరితోనూ మాట్లాడకూడదు, పేరు అడిగినా చెప్పకూడదు" అని మరీ మరీ చెప్పాము.

సికింద్రాబాదు నుండి ఫలక్‌నుమాకు ఎం.ఎం.టి.ఎస్. బండి ఉన్నది. 2003లో మొదలైన నగరపు లోకల్ రైళ్ళివి. ఇప్పుడు కొన్ని బండ్లు ఫలక్‌నుమా దాటి ఉందానగర్ దాకా కూడా వెళుతున్నాయి. టిక్కెట్టు చాలా చవుక. మా ఎనిమిదేండ్ల పాప స్టేషన్ల పేర్లు ఒక కాగితం మీద వ్రాసుకున్నది: సీతాఫల్‌మండి, ఆర్ట్స్ కాలేజీ, జామియా ఉస్మానియా, విద్యానగర్, కాచిగూడ. 1916లో నిజాము రైల్వే కోసం కట్టిన కాచిగూడ స్టేషను గుమ్మటాలను చూసి, "ఇదే రాజభవనమా?" అని చిన్నవాడు లేచి నిలుచున్నాడు.

కాచిగూడ దాటగానే మూసీ నది మీద వంతెన వచ్చింది. క్రింద నల్లని నీరు సన్నగా పారుతున్నది. ఈ నది 1908 సెప్టెంబరు 28న పొంగి నగరాన్ని ముంచివేసింది. సుమారు 15,000 మంది చనిపోయారని అంచనా. వంతెనకు ఎగువన, అఫ్జల్‌గంజ్ దగ్గర, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉన్నది. ఆనాడు ఆ చెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ తరువాతనే విశ్వేశ్వరయ్యగారి సలహాపై నగరానికి పైన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ చెరువులు కట్టించారు. ఇదంతా చెబితే పాప శ్రద్ధగా విని, "చెట్టు మీద చోటు చాలిందా?" అని అడిగింది.

మలక్‌పేట, దబీర్‌పురా, యాకుత్‌పురా, ఉప్పుగూడ. ఇండ్ల పెరటి గోడలకు ఆనుకొని బండి వెళుతున్నది. మేడలమీద ఆరవేసిన బట్టలు, గాలిపటాలు చిక్కుకున్న తీగలు, అక్కడక్కడ మసీదుల మినార్లు కనిపించాయి. చివరికి ఫలక్‌నుమా వచ్చింది. చిన్నవాడు పేరు బోర్డు ముందు నిలుచుని, వ్రేలితో గాలిలో గీస్తూ "ఫ, ల, క్, ను, మా" అని కూడబలుక్కున్నాడు. వాడు తనంతట తాను చదివిన మొదటి పెద్ద మాట అదే.

ఒక ఆటో మాట్లాడుకొని కొండ దిగువకు వెళ్ళి భవనాన్ని చూశాము. వికార్ ఉల్ ఉమ్రా అనే అమీరు 1884లో దాని కట్టడం మొదలుపెట్టించారు. తరువాత అది ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ చేతికి వచ్చింది. 2010 నుండి తాజ్ వారి హోటలుగా నడుస్తున్నది. మా వంటివారము దూరంనుండి చూడవలసినదే. "ఆకాశం ఎక్కడ కనబడుతుంది అందులో?" అని చిన్నవాడు అడిగితే జవాబు తోచలేదు.

అక్కడినుండి చార్మినారుకు వెళ్ళాము. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన ఆ నాలుగు మినార్ల క్రింద పిల్లలు మెడలు నొప్పి పుట్టేవరకు పైకి చూశారు. లాడ్ బజారులో పాపకు లక్క గాజులు కొన్నాము. ఎండ తగ్గాక తిరుగు బండికని యాకుత్‌పురా స్టేషనుకు వచ్చాము.

పొరపాటు మాదే. లోకల్ బండి నిమిషమైనా నిలువదని తెలిసీ, పాపను ముందు ఎక్కించాము. చిన్నవాడు మా చంకలో, సంచి మా శ్రీమతి చేతిలో ఉన్నాయి. దిగేవారికి దారి ఇవ్వబోయి ఒక్క అడుగు వెనుకకు వేశాము. బండి కదిలింది. మేము అందుకోబోతే మా శ్రీమతి గట్టిగా వెనుకకు లాగింది. తలుపు దగ్గర పాప ముఖం, ఆ వెంటనే దాని భుజం పట్టుకొని లోపలికి లాగిన నల్లని బురఖా చేయి కనిపించాయి. ఆ చేయి మరల బయటికి వచ్చి ముందుకు చూపించింది. అంతే, బండి వెళ్ళిపోయింది.

దబీర్‌పురా ప్రక్క స్టేషనే. ఆటోలో ఎంతసేపు పట్టిందో మాకు తెలియదు. ఆ కొద్దిసేపట్లో మా మనస్సులో వచ్చిన ఆలోచనలు ఇక్కడ వ్రాయుటకు సిగ్గుగా ఉన్నది. మా శ్రీమతి పెదవులు కదులుతున్నాయి. చిన్నవాడు ఏడుస్తున్నాడు.

దబీర్‌పురా ప్లాట్‌ఫారం మీద బల్లపై పాప కూర్చుని ఉన్నది. ఒక ప్రక్క ఆ తల్లి, మరొక ప్రక్క ఆమె ఇద్దరు ఆడపిల్లలు. మధ్యలో ఉస్మానియా బిస్కట్ల పొట్లం. పాప గాజులు ఆ చిన్నపిల్ల చేతికి ఉన్నాయి. మేము దండం పెట్టబోతే ఆమె తెలుగులోనే మందలించింది. "పిల్లను ఒక్కదాన్ని ముందు ఎక్కిస్తరా భయ్యా? ఒకరు ముందు, పిల్లలు నడుమ, ఒకరు ఎనక. గట్ల ఎక్కాలె." ఆమె మలక్‌పేట వెళ్ళవలసిన మనిషి. ఆ దారిలో బండ్లు తక్కువ. మా బిడ్డ కోసం తన బండిని వదులుకొని పిల్లలతో దిగిపోయింది. ఆటోకు డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. తరువాతి బండి వచ్చేవరకు అందరం ఆ బల్లమీదనే కూర్చున్నాము. ఆమె చెప్పినట్లే ఎక్కాము.

ఆ రాత్రి పాప అన్న మాట ఇది: "నాన్నా, ఆ ఆంటీ పేరు అడిగితే నేను చెప్పలేదు. మీరు చెప్పొద్దన్నారు గదా. అడిగి అడిగి, చివరికి ఆమే తన పేరు చెప్పింది. వాళ్ళ పిల్లల పేర్లూ చెప్పింది. అప్పుడు నాకు భయం పోయింది."

పరదేశిని ఆదరించవలెనని పుల్పిటు మీదనుండి ఎన్నిసార్లు బోధించామో లెక్కలేదు. ఇంటిలో పిల్లలకు నేర్పినది మాత్రం వేరు. జాగ్రత్త నేర్పవలసినదే. ఇప్పుడు ప్రయాణమంటే పిల్లల జేబులో మా ఫోను నంబరు చీటీ ఉంటున్నది, ఎక్కే వరుస ముందే చెప్పుకుంటున్నాము. అయితే ఒక బస్తీ పేరు చెప్పి భయం నేర్పుట జాగ్రత్త కాదని మాకు మా బిడ్డ వలన తెలిసింది.

ఇప్పటికీ రాత్రిపూట ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ మా గేటు దాటుతున్నది. "అది అక్కడికి వెళ్ళదు. మనం వెళ్ళాం" అంటాడు చిన్నవాడు. పాప మాత్రం పడుకొనేముందు చేసే ప్రార్థనలో మూడు పేర్లు ఎక్కువ చెబుతున్నది.