చెరిగిన ఇంద్రధనుస్సు

మా నడిమింటి అలమారలో పై రెండరలూ ప్రబంధాలవి. మూడో అర వీడియో క్యాసెట్లది. ఇంటికి వచ్చిన మిత్రులు ముందు ఆముక్తమాల్యదను చూసి తల పంకిస్తారు. కొంచెం కిందికి దృష్టి సారించి, స్టార్ ట్రెక్ అట్టపెట్టెలను చూసి, తరువాత నా ముఖం చూస్తారు. ముప్పై ఏడేళ్లు ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పి 2020లో విశ్రాంతి పొందిన పండితుడికి ఈ వ్యోమనౌకల వ్యసనమేమిటని వారి సందేహం. "ఏదో కాలక్షేపం" అంటూ వచ్చాను ఇన్నాళ్లూ. అది సత్యం కాదు. సత్యం చెప్పాలంటే మూడో అరలో ఎడమ చివరనున్న ఒక్క క్యాసెట్టు సంగతి చెప్పాలి. దాని వీపున నా తమ్ముడి చేతిరాతతో "ఇంద్రధనుష్ – 1989 – చెరపరాదు" అని ఉంటుంది.

కువైత్‌లో పనిచేసే మా బావగారు 1988లో సెలవుకు వస్తూ ఒక వి.సి.ఆర్. తెచ్చారు. అక్కా వాళ్లు తిరిగి వెళ్తూ దాన్ని చిత్తూరులో మా ఇంట ఉంచారు. మేడమీద ఇనుప గొట్టానికి కట్టిన యాంటెన్నాను గాలి తిప్పినప్పుడల్లా తెరమీద ఈగలు ముసురుకునే రోజులవి. నా కంటె పన్నెండేళ్లు చిన్నవాడైన తమ్ముడు అప్పుడు ఇంటర్మీడియట్. వాడి లోకమంతా ఆ పెట్టెలో ఉండేది. అమెరికాలో 1966 మొదలు 1969 వరకు 79 భాగాలుగా వచ్చిన స్టార్ ట్రెక్‌ను దూరదర్శన్ ఎనభైలలో ఆదివారం ఉదయాల్లో చూపింది. ఎగిరే మరమనిషిని చేతిగడియారంతో శాసించే జపాను కుర్రవాడి జెయింట్ రోబో వచ్చింది. మనవాళ్లే తీసిన స్పేస్ సిటీ సిగ్మా వచ్చింది. జఖాకూ అనే ప్రతినాయకుడి పేరు నేటికీ నాకు గుర్తుందంటే తమ్ముడు ఇంట్లో ఎన్నిసార్లు ఆ గొంతు అనుకరించాడో ఊహించుకోవచ్చు. 1989లో ఆనంద్ మహేంద్రూ దర్శకత్వంలో ఇంద్రధనుష్ వచ్చింది. కంప్యూటరు అనే మాట విన్నవారే మా వీధిలో తక్కువగా ఉన్న కాలంలో, పిల్లలు కంప్యూటరు సాయంతో కాలంలో ముందుకూ వెనక్కూ ప్రయాణం చేసే కథ అది. తరువాత పెద్ద దర్శకుడైన కరణ్ జోహార్ అందులో బాలనటుడు.

నాకు అవేవీ గిట్టేవి కావు. ఆ అట్టముక్కల నౌకలు, వెండికాగితం చొక్కాలు, దారంతో వేలాడే గ్రహాలు! "ఇది సాహిత్యమా?" అని ఈసడించేవాణ్ణి. ఒకనాడు వాడు మెల్లగా అన్నాడు: "అన్నా, కకుద్మి కత నువ్వే గదా చెప్పినావు?"

నిజమే, నేనే చెప్పాను. కూతురు రేవతికి తగిన వరుణ్ణి అడగడానికి కకుద్మి బ్రహ్మలోకానికి వెళ్లి, కాసేపు పాట విని తిరిగి వచ్చేసరికి భూమ్మీద ఇరవైయేడు చతుర్యుగాలు గడిచిపోయాయి. భాగవతం నవమస్కంధంలోని ఆ కథను వాడి చిన్నతనంలో మిద్దెమీద పడుకుని నేనే చెప్పాను. అయినా, "అది భాగవతం, ఇది చెత్త" అని కొట్టిపారేశాను. (మన పురాణాల్లోనే సమస్త విజ్ఞానమూ ఉందని వాదించే జట్టులో నేను లేను. కాని కాలం అందరికీ ఒక్కతీరుగా నడవదన్న ఊహ మన కథకుడికి కలిగిందంటే అది తక్కువ సంగతి కాదు. తమ్ముడు అడిగింది అంతమాత్రమే.)

1991లో పట్టణంలోని ఒక సాహితీసంస్థ నాకు సన్మానం చేసింది. నేను రాసిన ఒక శతకం అందుకు కారణం. ఆ శతకాన్ని ఇప్పుడు నేనే చదవలేను. సభను ఒకాయన వీడియో తీశాడు. ప్రతి కావాలంటే ఖాళీ క్యాసెట్టు తెచ్చుకోమన్నాడు. నెలాఖరు రోజులు. ఖాళీ క్యాసెట్టు కొనే స్తోమత లేదు. తమ్ముడు తిరుపతిలో ఇంజనీరింగు చదువుతూ హాస్టల్లో ఉన్నాడు.

వి.హెచ్.ఎస్. క్యాసెట్టు వీపున ఎడమపక్క ఒక చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది. దాన్ని విరిచేస్తే యంత్రం ఇక ఆ టేపు మీద ఏమీ ముద్రించదు. చెరిపివేత నుంచి రక్ష అన్నమాట. తమ్ముడు దాన్ని విరిచే ఉంచాడు. పైగా "చెరపరాదు" అని రాశాడు. ఆ గుంటమీద ఒక అంటుకాగితం అతికిస్తే ఆ రక్ష వమ్ము అవుతుందని వీడియో ఆయన చెప్పాడు. అతికించింది ఆయన కాదు, నేను. పొరపాటున జరిగిందని ఇన్నేళ్లలో ఎవరైనా అడిగితే చెప్పేవాణ్ణేమో. ఎవరూ అడగలేదు. సెలవులకు వచ్చిన తమ్ముడు టేపు వేసుకుని, శాలువ కప్పించుకుంటున్న నన్ను రెండు నిమిషాలు చూసి, యంత్రం ఆపేశాడు. కోప్పడలేదు. క్యాసెట్టును నా బల్లమీద పెట్టి వెళ్లాడు. ఆ తరువాత వాడు మా ఇంట్లో దేన్నీ రికార్డు చేయలేదు.

పదవీ విరమణ తరువాత ట్రంకుపెట్టె సర్దుతూ ఆ క్యాసెట్టును మళ్లీ పట్టుకున్నాను. చూద్దామంటే యంత్రం లేదు. లోకంలో చివరిగా వి.సి.ఆర్.లు చేస్తుండిన జపాను సంస్థ 2016 జూలైలోనే ఆ పని మానేసింది. చెన్నై రిచీ వీధిలో మూడుసార్లు తిరిగి పాతది ఒకటి సంపాదించాను. టేపుకు తెల్లటి బూజు పట్టి ఉంది. తాళపత్రాలకు నిమ్మగడ్డి నూనె రాయడం చూసిన చేతులు నావి. ఇక్కడ నూనె పనికిరాదు. స్పిరిట్‌తో తడిపిన మెత్తటి గుడ్డతో, చేత్తో చుట్ట తిప్పుతూ, జానెడు జానెడుగా తుడవాలి. నాలుగు రోజులు పట్టింది.

మొదట ఎనిమిది నిమిషాలు ఇంద్రధనుష్ శుభ్రంగా ఉంది. అంతలో బొమ్మమీద ఏడురంగుల చారలు అడ్డంగా పారాడాయి. పాత ముద్రణ పూర్తిగా చెరగకుండానే కొత్తది దానిమీద పడినచోట అలా రంగులు పుడతాయట. ఆ చారల వెనుకనుంచి నేను దండ వేయించుకుంటూ ప్రత్యక్షమయ్యాను. ఇరవై నిమిషాలు నా ప్రతాపం. పిమ్మట కొన్ని క్షణాలు ఈగలు. మళ్లీ ఆ భాగపు చివరి అయిదు నిమిషాలు.

మాతృకలో గ్రంథపాతం ఉంటే పండితుడు చేసే పని మరో ప్రతి వెదకడమే. మానవల్లి రామకృష్ణకవిగారు వెలికితీసి 1909లో ప్రకటించి ఉండకపోతే నన్నెచోడుడి కుమారసంభవం మనకు దక్కేదా? నేనూ ప్రతి కోసం బయలుదేరాను. చిత్తూరు, తిరుపతి, మదనపల్లెల్లో ఒకప్పటి వీడియో లైబ్రరీల వారి ఇళ్లకు వెళ్లి, అటకలమీది గోనెసంచులు దింపించాను. ఇళ్లలో రికార్డు చేసుకున్నవాటిని తూకానికి కొన్నాను. చాలావాటిలో పెళ్లిళ్లు. కొన్నింటిలో సబ్బుపొడి ప్రకటనల నడుమ సగం స్పేస్ సిటీ సిగ్మా. వెదుకుతూ వెదుకుతూ ఆ నౌకల రుచి పట్టుబడింది. స్టార్ ట్రెక్ మొత్తం కొన్నాను. 1998లో మిలింద్ సోమన్ నటించిన కెప్టెన్ వ్యోమ్ కూడా చేరింది. వ్యోమ్ అనే పేరుకు మాత్రం పండితుడిగా పూర్తి మార్కులు వేశాను.

ఈ వెదుకులాటలోనే బి.బి.సి. వారి డాక్టర్ హూ చరిత్ర చదివాను. 1963లో మొదలైన ఆ ధారావాహిక తొలి ఆరేళ్ల భాగాలు ఎన్నింటినో, టేపులు మళ్లీ వాడుకోవడానికీ, చోటు కోసమూ ఆ సంస్థే చెరిపేసింది, పారేసింది. నేటికీ తొంభైకి పైగా భాగాలు దొరకలేదు. అయితే ఆనాటి ప్రేక్షకులు టీవీ ముందు టేపురికార్డరు పెట్టి పట్టుకున్న శబ్దం ప్రతి భాగానికీ మిగిలింది. 2013లో తొమ్మిది భాగాలు ఎక్కడో నైజీరియాలోని ఒక ప్రసారకేంద్రంలో బయటపడ్డాయి. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అంత పెద్ద సంస్థ చేసిన పనినే నేను మా నడిమింట్లో, ఒక అంటుకాగితంతో చేశాను.

మొన్న సంక్రాంతికి తమ్ముడు పుణె నుంచి వచ్చాడు. వాడికీ జుట్టు నెరిసింది. కనుమనాటి మధ్యాహ్నం క్యాసెట్టు వేశాను. ఎనిమిది నిమిషాలూ కదలకుండా చూశాడు. రంగుల చారలు వచ్చాయి. నేను దండతో ప్రత్యక్షమయ్యాను. ముప్పైయేళ్లుగా దాచుకున్న మాట అప్పుడు చెప్పాను: "ఆ కాగితం అతికించింది నేనేరా."

"తెలుసన్నా. నీ కోపరేటివ్ బ్యాంకు క్యాలెండరు ముక్కే గదా అది."

ఈ భాగం పూర్తి ప్రతి ఎక్కడైనా దొరికితే దీన్ని చెరిపి ఎక్కిస్తానన్నాను. వాడు రిమోట్ నా చేతిలోంచి తీసుకుని బొమ్మను ఆపాడు. సభలో మొదటి వరుస. కుడిచివర నేరేడురంగు చీరలో మా అమ్మ, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. 1994లో ఆమె పోయింది. ఆమె కదులుతూ కనిపించే బొమ్మ మా ఇంట మరొకటి లేదు. ఇన్నిసార్లు ఆ టేపు వేసినవాణ్ణి, నన్ను నేను చూసుకోవడం ఇష్టంలేక ఆ ఇరవై నిమిషాలనూ ప్రతిసారీ ముందుకు తోసేస్తూ వచ్చాను.

"అమ్మ ఉండాది గదన్నా. దీన్ని ముట్టుకోవద్దు," అన్నాడు.

కంప్యూటరులోకి ఒక ప్రతి ఎక్కించుకుని వెళ్లాడు. వెళ్లేముందు, ఆ చెరిగిన ఇరవై నిమిషాల్లో ఏం జరుగుతుందో తనకు గుర్తున్నంతవరకు చెప్పాడు. నేను లేఖకుణ్ణై నోటుబుక్కులో రాసుకున్నాను. రెండుచోట్ల వాడి కథకూ, చివరి అయిదు నిమిషాలకూ పొంతన కుదరడం లేదు. అవి సరిచూడడానికి మరో ప్రతి కావాలి. వచ్చేవారం పలమనేరులో ఒక పాత వీడియో దుకాణం వారి అటక దింపుతామన్నారు.