త్రాడు విడువని చేతులు

ప్రియ చదువరీ, మీ గ్రామములో పాతబావి పూడిక తీయుచుండగా మీరెప్పుడైనను చూచియుందురు. గిలకమీదుగా మోకు వేసి, దాని కొనకు ఒక మనుష్యుని కట్టి లోపలికి దింపుదురు. గట్టుమీద నలుగురు ఆ మోకు పట్టుకొని నిలుచుందురు. లోపలికి దిగినవాని పని అందరికిని తెలియును. బురదగంపలు పైకి వచ్చుచుండును గదా! గట్టుమీది వారు చేయునది చూచువారికి పనివలెనే కనబడదు. అయినను బీడి ముట్టించుకొనుటకని వారు చేతులు విడిచినయెడల లోపలివాని గతి యేమి?

ఈ మాసము మీతో చెప్పగోరునది అట్టి చేతులను గూర్చియే. అయితే నేను ఈ పాఠము నేర్చుకొనినది బావిదగ్గర కాదు, హైదరాబాదు పట్టణమునకు పడమట నున్న ఒక బండదగ్గర.

ఆ పడమటి దిక్కున మీలో అనేకుల కుమారులు, కుమార్తెలు ఉన్నారు. మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ అను పేర్లు ఇప్పుడు మన పల్లెలలోని ముసలివారికి సయితము నోటికి వచ్చును. 1998 నవంబరు 22వ తేదీన అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి గారు మాదాపూరులో సైబర్ టవర్స్ అను పది అంతస్తుల కట్టడమును ప్రారంభించిరి. దానినుండియే హైటెక్ సిటీ పెరిగెను. అంతకుముందు అచ్చట నుండినవి రాళ్లగుట్టలు, చెరువులు, చిన్న ఊళ్లు. ఇప్పుడు కన్ను సాగినంత దూరము అద్దాల మేడలే. అయితే ఆ మేడల నడుమ, ఎవరో ఒకదానిమీద నొకటి పేర్చినట్లున్న పెద్ద గుండ్లు ఇంకను కొన్ని మిగిలియున్నవి. ఆ గ్రానైటు రాతి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. వాటిని ప్రేల్చివేయుట చూచి నొచ్చుకొనిన కొందరు 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ అను సంఘముగా ఏర్పడి వాటిని కాపాడుటకు పాటుపడుచున్నారు.

అట్లు మిగిలిన వాటిలో ఖాజాగూడ గుట్టలు కొన్ని. వారమంతయు కంప్యూటరు ఎదుట కూర్చుండు యౌవనస్థులు సెలవు దినములలో అచ్చటికి వచ్చి త్రాళ్ల సహాయముతో బండలెక్కుట నేర్చుకొందురు. ఆ పట్టణములోని ఒక సంఘపు యౌవనులు నన్ను ఒక శనివారము తెల్లవారకముందే అచ్చటికి పిలుచుకొనిపోయిరి. “అయ్యగారూ, మీరును ఎక్కవలెను” అని బలవంతపెట్టిరి. తాటిచెట్టు సగము కూడ ఎక్కనివాడను, నేను సరేయంటిని.

వారు చేయు విధము చెప్పెదను, వినుడి. ఎక్కువాని నడుమునకును తొడలకును హార్నెస్ అను బలమైన పట్టీ బిగించుదురు. త్రాడు కొనను ఆ పట్టీకి ముడివేయుదురు. ఆ త్రాడు తిన్నగా పైకి పోయి, బండ నెత్తిన బిగించిన లోహపు కొక్కెములలో దూరి, మరల క్రిందికి దిగివచ్చును. క్రింద నేలమీద నిలిచిన మరియొకరి నడుమున ఒక చిన్న పరికరముండును. త్రాడు దానిలోనుండి పోవును. ఎక్కువాడు ఒక జానెడు ఎక్కగా, క్రిందివారు ఒక జానెడు త్రాడు లాగుకొందురు. పైవాని కాలు జారినయెడల క్రిందివారు త్రాడు బిగబట్టుదురు, అతడు గాలిలో వ్రేలాడునే గాని నేలను పడడు. ఇట్లు త్రాడు పట్టువారిని బిలేయర్ అని పిలుచుదురు. బిలేయరుకు ఒకే యాజ్ఞ గలదు: త్రాడును బిగించు చేయి యేమి జరిగినను త్రాడు విడువరాదు. చీమ కుట్టినను, పేరు పెట్టి ఎవరైన పిలిచినను విడువరాదు.

నా త్రాడు పట్టుటకు వచ్చినది ఎవరనుకొందురు? బలిష్ఠుడైన యువకుడు కాడు. నా బరువులో సగమైనను లేని ఒక సన్నని అమ్మాయి. నాకు గుండె జారెను. “అమ్మా, నన్ను నీవు మోయగలవా?” అని అడిగితిని. ఆమె నవ్వి, “అయ్యగారూ, మిమ్మును మోయునది నేను కాదు, ఆ పైనున్న బండ. విడువకుండుట మాత్రమే నా పని” అనెను. అప్పుడు చూచితిని: ఆమె నడుమును వెనుకనున్న మరియొక గుండుకు కట్టియుంచిరి. పట్టుకొనువారును పట్టబడియున్నారు!

ముప్పది అడుగుల యెత్తున నా కాలు నిజముగానే జారెను. పడితిననుకొంటిని. త్రాడు కొంచెము సాగి, నన్ను మెల్లగా ఆపెను. క్రిందికి చూడగా ఆ బిడ్డ తల పైకెత్తి, రెండు చేతులతో త్రాడు పట్టుకొని, మాటలాడకయే నావైపు చూచుచుండెను. బరువంతయు బండమీద నుండెను. ఆ బండ నా బరువును, నన్ను ఆపుటకు ఆమె లాగిన బరువును కూడ, ఇద్దరిని మోయుచుండెను.

ప్రియులారా, ప్రార్థన అనగా నేమో ఎన్నో ప్రసంగములు చేసితిని గాని, ఇంత తేటగా నేనెన్నడును చూడలేదు. మన బిడ్డకొరకు ప్రార్థించునప్పుడు మన త్రాడు తిన్నగా ఆ బిడ్డయొద్దకు పోదు. మొదట పైకి పోవును. క్రీస్తు అను బండను చుట్టుకొని, అటుపిమ్మట బిడ్డను చేరును. కాబట్టి మనము బలహీనులమనియు, చదువు లేనివారమనియు, దూరముగా నున్నామనియు చెప్పుట సాకు కానేరదు. బరువు మోయుమని దేవుడు మనల నడుగలేదు, విడువకుమని అడుగుచున్నాడు.

యిర్మీయా ప్రవక్తను శత్రువులు బురదగోతిలో దింపిన సంగతి మీరెరుగుదురు. అతని గూర్చి జాలిపడినవాడు ఎబెద్మెలెకు అను కూషీయుడు, అనగా పరదేశి. అతడు రాజునొద్ద సెలవు పొంది, ముప్పదిమంది మనుష్యులను తీసికొనిపోయి, ప్రవక్తను త్రాళ్లతో పైకి లాగించెను. అయితే త్రాళ్లు వేయకముందు అతడు చేసిన పని గమనించుడి. రాజు ఖజానా క్రింది గదిలోనుండి పాతబట్టలు, చింకిగుడ్డలు తెచ్చి లోపలికి దింపి, త్రాళ్లు ఒరసికొనకుండ వాటిని చంకలక్రింద పెట్టుకొమ్మని ప్రవక్తతో చెప్పెను. రక్షించు త్రాడు సయితము చర్మమును కోయకూడదని తలచిన ఆ మనస్సు ఎంత మెత్తనిది! మనము మన పిల్లలకు వాక్యమును చెప్పునప్పుడు త్రాడు మాత్రమే విసరుచున్నామా, లేక మెత్తని గుడ్డను కూడ దింపుచున్నామా?

మన చేతిలోనున్న తెలుగు క్రొత్త నిబంధన కథయు త్రాళ్ల కథయే. 1792 అక్టోబరు 2వ తేదీన ఇంగ్లాండులోని కెట్టరింగు అను ఊరిలో కొందరు బోధకులు కూడి ఒక మిషను సంఘమును స్థాపించిరి. చెప్పులు కుట్టి జీవించిన విలియం కేరీ దానిపక్షముగా మన దేశమునకు వచ్చుటకు ఒప్పుకొనెను. ఆ దినములను జ్ఞాపకము చేసికొనుచు ఆండ్రూ ఫుల్లరు అను అతని స్నేహితుడు, ఇండియా లోతైన గనివలె నుండెననియు, తాను దిగుదుననియు గట్టుమీది వారు త్రాడు విడువరాదనియు కేరీ తమతో చెప్పినట్లుండెననియు తెలిపెను. కేరీ 1793లో ఓడయెక్కెను. 1834లో శ్రీరామపూరులో చనిపోవువరకు తన దేశమును మరల చూడలేదు. ఫుల్లరు మన దేశమును ఒక్కసారియైనను చూడలేదు. 1815లో చనిపోవువరకు ఆ సంఘ కార్యదర్శిగా ఉత్తరములు వ్రాయుచు, ఊరూర తిరిగి చందాలు అడుగుచు త్రాడు పట్టుకొనియుండెను. 1818లో శ్రీరామపూరునుండి తెలుగు క్రొత్త నిబంధన అచ్చుపడి వచ్చెను. దానిని చూచుటకు ఫుల్లరు లేడు. అయినను దానిలో అతని చేతుల పట్టు లేదని ఎవరు చెప్పగలరు?

మన నాటి సంగతి యొకటి చెప్పుదును. 2014 మే 25వ తేదీన నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమునకు చెందిన మాలావత్ పూర్ణ, పదునాలుగేండ్లు నిండకమునుపే ఎవరెస్టు శిఖరమెక్కెను. ఖమ్మం జిల్లా బాలుడు సాధనపల్లి ఆనంద్ కుమార్ ఆమెతో కూడ ఎక్కెను. ఇద్దరును సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులు. వారు బండలెక్కుట నేర్చుకొనినది మన భువనగిరి కొండమీదనే. ఎవరెస్టు మార్గములో పనివారు ముందుగా వెళ్లి మంచులో త్రాళ్లు బిగించుదురు. వెనుక వచ్చువారు వాటికి తమ్మును తగిలించుకొని ఎక్కుదురు. ఆ పిల్లలు టిబెట్టు వైపునుండి ఎక్కిరి. అదే సంవత్సరము ఏప్రిల్ 18వ తేదీన నేపాలు వైపున మంచు విరిగిపడి, ఇతరులు ఎక్కుటకు ముందుగా సామానులు మోయుచు దారి సిద్ధపరచుచుండిన 16 మంది నేపాలీ పనివారు చనిపోయిరి. వారి పేర్లు మనలో ఎవరికి తెలియును? మనకు ముందుగా తెరలోపలికి ప్రవేశించి, మన ఆత్మకు లంగరు వేసిన యొకడు కలడని హెబ్రీయులకు వ్రాసిన పత్రిక చెప్పుచున్నది. ఆయనయు ప్రాణము పెట్టియే ఆ పని చేసెను. మన త్రాడు బిగింపబడినది అట్టి చోట.

ఖాజాగూడ గుట్టమీద ఆ దినమున ఒక యువకుడు నా ప్రక్కన కూర్చుండి తన సంగతి చెప్పెను. అతనిది ఒక చిన్న పల్లె సంఘము. 2023లో అనేక సంస్థలలో ఉద్యోగములు తీసివేయబడినప్పుడు ఇతనిదియు పోయెను. నాలుగు నెలలు ఇంట చెప్పలేదు. ఏల చెప్పలేదని అడిగితిని. “అయ్యగారూ, ఇంటినుండి వచ్చు ప్రతి ఫోనులో జీతమెంత పెరిగెననియే అడుగుదురు. గుడి ప్రహరీగోడకు చందా ఎప్పుడు పంపుదువని పెద్దలు అడుగుదురు. ఏమని చెప్పుదును?” అనెను.

అయితే ఆ సంఘములో ఒక వృద్ధురాలు, విధవరాలు, అక్షరము రానిది, ప్రతి శనివారము రాత్రి మనుమరాలిచేత ఫోను చేయించి అతనితో రెండు మాటలాడునట. “బిడ్డా, తిన్నవా? నీ పేరు చెప్పి దేవునికి మొక్కుతున్న.” అంతే. మరేమియు అడుగదు. ఒక శనివారము రాత్రి అతడు దుర్గం చెరువు వంతెనమీద చాలసేపు ఒంటరిగా నిలుచుండెను. అంతకు మించి అతడు చెప్పలేదు, నేను అడుగలేదు. “ఈ రోజు శనివారము గదా, అవ్వ ఫోను చేయును, గదిలో లేకపోతే బెంగపడునని జ్ఞాపకము వచ్చి తిరిగి వచ్చితిని” అని మాత్రము చెప్పెను. మరునాడు తండ్రికి ఉన్నదున్నట్టు చెప్పెను. తండ్రి ఆ రాత్రియే బస్సెక్కి వచ్చెను.

ఆ అవ్వకు ఈ సంగతి యేదియు తెలియదు. తాను ఒక ప్రాణమును పట్టుకొనియున్నానని ఆమె యెరుగదు. ఆమె విడువలేదు, అంతే.

కాబట్టి, సహోదరులారా, సహోదరీలారా, మీ సంఘమునుండి పట్టణమునకు పోయిన యౌవనుల పేర్లు ఒక కాగితముమీద వ్రాయుడి. వ్రాయుట రానివారు వ్రేళ్లమీద లెక్కించుకొనుడి. పేరు పేరున ప్రతిదినము దేవుని సన్నిధిని ఎత్తి పట్టుకొనుడి.

మరియు త్రాడును మరీ బిగించి లాగవద్దు, మరీ వదులుగాను విడువవద్దు. బిగించి లాగిన బిలేయరు ఎక్కువానినే బండమీదనుండి ఊడదీయును. వదులు విడిచినవాడు అతనిని లోతునకు పడనిచ్చును. ప్రతి మాటలో గద్దింపు వద్దు, నెలల తరబడి మౌనమును వద్దు. జీతమడుగుటకు ముందు భోజనమడుగుడి. ఉద్యోగము పోయి తిరిగివచ్చిన బిడ్డను చూచి సంఘములో గుసగుసలాడక, ఆదివారము మీ ప్రక్కన చోటియ్యుడి.

మీరును కట్టబడియుండుడి. వెనుకనున్న బండకు కట్టబడని బిలేయరు, ఎక్కువాడు బరువైనవాడైతే తానే ఈడ్వబడును. కుటుంబ ప్రార్థన మానివేసి, సహవాసము విడిచి, పిల్లలకొరకు మాత్రము ప్రార్థించెదమనువారు అట్టివారే.

మోషే చేతులు బరువెక్కినప్పుడు అహరోనును హూరును ఇరుప్రక్కల నిలిచి సూర్యుడస్తమించువరకు ఆ చేతులను ఎత్తి పట్టిరి. లోయలో యుద్ధము చేయుచున్న యెహోషువ తల యెత్తి చూచెనో లేదో గ్రంథము చెప్పదు. మీ బిడ్డయు చూడకపోవచ్చును, ఎన్నడును మీతో కృతజ్ఞత చెప్పకపోవచ్చును. ఈ రాత్రి దీపమార్పకముందు ఒక్క పేరైన చెప్పుడి. రేపు మరల చెప్పుడి. మన బరువును మన బిడ్డల బరువును కలిపి మోయుచున్న ఆ బండ, మన చేతులకు విడువని పట్టు అనుగ్రహించును గాక. ఆమేన్.